పొడుగు మనిషి గార్డ్: వీధి గుమ్మం ఎడమ చెయ్యి

అందరికీ నమస్కారం. జిల్లాల నుంచి వచ్చిన కోచ్‌లకి, కుర్రాళ్లకి, పిల్లల్ని తీసుకొచ్చి వెనక నించుని వింటున్న తల్లిదండ్రులకి కూడా.

నాకిచ్చిన గంటలో ఒక్క విషయమే మాట్లాడతాను. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, వంద కిలోలు దాటిన బరువు ఉన్న కుర్రాడు మీ దగ్గరికి బాక్సింగ్ నేర్చుకుంటానని వస్తే, అతని చేతులు ఎక్కడ పెట్టమని చెప్తారు? ఈ ప్రశ్నకి మనలో చాలామంది తప్పు జవాబు చెప్తున్నాం. నేనూ చాలా ఏళ్లు తప్పే చెప్పాను.

దానికి కారణం ఉంది. మన దగ్గర బాక్సింగ్ అంటే చిన్న బరువులే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో 57 కిలోల్లో ప్రపంచ పోటీల కాంస్యం తెచ్చాడు. మన కళ్లు ఆ సైజుకి అలవాటు పడ్డాయి. గార్డ్, అంటే గుద్దులు తగలకుండా చేతులు పెట్టుకునే తీరు, అనగానే గ్లవ్స్ దవడలకి ఆనించు, మోచేతులు పక్కటెముకలకి అదుము, గడ్డం దించు అంటాం. చిన్నవాళ్లకి అది బంగారం లాంటి మాట.

చాలా ఏళ్ల కిందట వాలీబాల్ ఆడే కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. గుమ్మంలోంచి లోపలికి రావాలంటే తల వంచాల్సిందే, అంత పొడుగు. వాడికీ ఆ మాటే చెప్పాను. చెప్పినట్టే చేశాడు పాపం. రెండు గ్లవ్స్ మొహానికి అతికించుకుని, వెన్ను వంచి, ముడుచుకుని నిలబడ్డాడు. వాడి భుజం దాకా వచ్చే ఇంకో కుర్రాడితో స్పారింగ్, అంటే సాధన పోటీ, పెట్టాను. ఆ చిన్నవాడు మెల్లగా దగ్గరికొచ్చి, రెండు మోచేతుల మధ్య సందులోంచి కింద నుంచి అప్పర్‌కట్ వేశాడు. ఒకటి కాదు, నాలుగైదు. రౌండ్ అయ్యేసరికి పొడుగువాడి ముక్కులోంచి రక్తం. "మీరు చెప్పినట్టే చేశాను కదా సార్" అన్నాడు. వాడు చెప్పింది నిజం. తప్పు నాది. ఆ రోజు నుంచి ఈ విషయం మీద కూర్చున్నాను.

ముందు ఎందుకలా అవుతుందో చూద్దాం. తమ్ముడూ, ఆ చివర కూర్చున్న నువ్వు, ఒకసారి పైకి రా. గార్డ్ పెట్టు. బాగుంది. అందరూ చూడండి, ఇతని ఛాతీ ఎంత వెడల్పుందో. ఇంత ఛాతీ ఉన్నవాడు రెండు మోచేతులు దగ్గరికి తేవాలంటే భుజాలు బిగుసుకుపోవాలి. వదులుగా పెడితే మధ్యలో ఇదిగో, నా పిడికిలి పట్టేంత సందు. మనిషి ఎత్తు పెరిగింది, ఒళ్లు పెరిగింది, గ్లవ్ మాత్రం పెరగలేదు. ప్రొఫెషనల్ హెవీవెయిట్‌లో ఎంత పెద్ద మనిషైనా వేసుకునేది 10 ఔన్సుల గ్లవ్సే. అంటే కాపాడుకోవాల్సిన ఇల్లు పెద్దది, తలుపు చిన్నది.

ఇప్పుడు వంగు తమ్ముడూ. ఇంకాస్త. చూశారా, ఇతని తల ఎక్కడికి వచ్చిందో? సరిగ్గా నా చేతికి అందే చోటికి. దేవుడిచ్చిన ఎత్తుని మనమే చేజేతులా కిందికి దించి అప్పగిస్తున్నాం. పైగా ఇంత బరువు మోకాళ్ల మీద మోస్తూ మూడు రౌండ్లు వంగి లేవడం అంటే తొడలు మండిపోతాయి.

ఇంకో మాట. 50 కిలోల మనిషి గుద్దు గ్లవ్ మీద పడితే గ్లవ్ ఆపుతుంది. 110 కిలోల మనిషి గుద్దితే నీ గ్లవ్వే వచ్చి నీ మొహానికి తగులుతుంది. హెవీవెయిట్‌లో అడ్డుపెట్టడం ఒక్కటే సరిపోదు. గుద్దు అక్కడిదాకా రాకుండా చూసుకోవాలి. కూర్చో తమ్ముడూ, మళ్లీ పిలుస్తాను.

ఈ పాఠం ప్రపంచానికి బాగా నేర్పినవాడు వ్లాదిమిర్ క్లిచ్‌కో. ఉక్రెయిన్ మనిషి, 198 సెంటీమీటర్లు. చేతులు బార్లా చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి 206. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచాడు. ఇంతటివాడు 2003 మార్చిలో హానోవర్‌లో కోరీ సాండర్స్ చేతిలో రెండు రౌండ్లలో నాలుగుసార్లు కింద పడి ఓడిపోయాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో లామన్ బ్రూస్టర్‌ని నాలుగో రౌండ్లో పడగొట్టి, ఐదో రౌండ్లో తనే ఊపిరందక చేతులెత్తేశాడు. దవడ గాజు బొమ్మ, గుండె బలం లేదు, ఇక ఇంటికి పోవచ్చు అన్నారు జనం.

అప్పుడు అతని కార్నర్‌లో కోచ్‌గా ఉన్నది ఇమాన్యుయెల్ స్టీవర్డ్. డెట్రాయిట్‌లో క్రాంక్ జిమ్ నడిపిన పెద్దాయన. పొడుగు మనుషులంటే ఆయనకి చేతి గీతలంత పరిచయం. థామస్ హెర్న్స్‌ని తయారుచేసింది ఆయనే. 1994లో లండన్ వెంబ్లీలో అప్పటి హెవీవెయిట్ చాంపియన్ లెనాక్స్ లూయిస్‌ని రెండో రౌండ్లో పడగొట్టిన ఆలివర్ మెకాల్ కార్నర్‌లో ఉన్నదీ ఆయనే. లూయిస్ ఏం చేశాడో తెలుసా? నా లోపం పట్టుకున్నవాడే నాకు గురువు కావాలని స్టీవర్డ్‌నే పెట్టుకున్నాడు. నాకు లూయిస్ మీద గౌరవం అక్కడే పెరిగింది.

స్టీవర్డ్ వ్లాదిమిర్‌ని వదిలెయ్యలేదు. అతన్ని ముడుచుకోమనలేదు, విప్పుకోమన్నాడు. ఎడమ చెయ్యి ముందుకి చాచి ఉంచడం, కాళ్లతో వెనక్కి జరగడం, దగ్గరికొచ్చేస్తే పట్టేసుకోవడం. ఈ మూడూ కలిపి ఒకే గార్డ్. 2005 సెప్టెంబర్‌లో అట్లాంటిక్ సిటీలో శామ్యూల్ పీటర్‌తో పోటీ దీనికి అసలు పరీక్ష. పీటర్ అప్పటిదాకా ఓటమి ఎరగనివాడు, చేతిలో సుత్తి ఉన్నట్టు కొడతాడు. వ్లాదిమిర్ మూడుసార్లు కింద పడ్డాడు, ఐదో రౌండ్లో రెండుసార్లు, పదో రౌండ్లో ఒకసారి. అయినా ముగ్గురు జడ్జీలూ 114-111 అని అతన్నే గెలిపించారు. మూడుసార్లు పడ్డ మనిషి పోటీ ఎలా గెలిచాడు? పడని రౌండ్లలో పీటర్‌ని దగ్గరికి రానివ్వలేదు కాబట్టి. ఆ తర్వాత 2015 నవంబర్ దాకా అతన్ని ఎవరూ ఓడించలేకపోయారు.

ఈ మూడు పొరల్ని నేను మా కుర్రాళ్లకి ఇంటి లెక్కలో చెప్తాను. వీధి గుమ్మం, వసారా, లోపలి గది. దొంగ లోపలి గదిలోకి వచ్చాక తలుపు వేసుకుంటే లాభం లేదు. వీధి గుమ్మం దగ్గరే ఆపాలి.

వీధి గుమ్మం ఎడమ చెయ్యి. తమ్ముడూ, మళ్లీ రా. ఎడమ చెయ్యి చాపు. మొత్తం కాదు, మోచేతి దగ్గర కొంచెం వంపు ఉండాలి. బిర్రుగా చాపితే వాడు దాన్ని పక్కకి తోసి లోపలికి దూరతాడు, నీకు జాబ్, అంటే ముందు చేత్తో చురుగ్గా తిన్నగా వేసే గుద్దు, కొట్టడానికి చోటు కూడా ఉండదు. ఇప్పుడు నీ గ్లవ్ నా ఎడమ గ్లవ్ మీద పెట్టు. ఊరికే తాకుతూ ఉండు. నేను కదిలితే నీ చేతికి ముందే తెలుస్తుంది, కంటికంటే ముందు. చూడండి, నేను జాబ్ వెయ్యాలంటే ఇతని చేతిని దాటాలి. దాటడానికి నేను చేసే ప్రయత్నమే ఇతనికి కబురు. ఇప్పుడు నా భుజం కండ మీద పెట్టు. నా హుక్, అంటే పక్క నుంచి చెయ్యి వంచి వేసే గుద్దు, పుట్టే చోటు అది. అక్కడ చిన్నగా నొక్కితే హుక్ సగంలో చచ్చిపోతుంది. కుడి చెయ్యి ఎక్కడుంది నీది? జారిపోయింది. గడ్డం పక్కకి తే, అరచెయ్యి నా వైపు తిప్పు. ఎడమ చెయ్యి దాటి వచ్చినదాన్ని ఆ అరచెయ్యి పట్టుకోవాలి. పొడుగువాళ్లందరూ చేసే తప్పు ఇదే. ముందు చెయ్యి పని చేస్తోంది కదా అని వెనక చెయ్యి నిద్రపోతుంది.

ఇక్కడ కోచ్‌లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అమెచ్యూర్ నిబంధనల్లో ముందు చెయ్యి తిన్నగా చాపి ఎదుటివాడి కళ్లకి అడ్డం పెట్టడం ఫౌల్. టీవీలో క్లిచ్‌కోని చూసి మన కుర్రాడు స్టేట్ మీట్‌లో అదే చేస్తే రెఫరీ హెచ్చరిస్తాడు. కాబట్టి చెయ్యి ఆగి ఉండకూడదు. తాకాలి, తీయాలి, జాబ్ వెయ్యాలి, మళ్లీ తాకాలి. రెండు చేతులతో మొహం మూసుకుని ఏమీ చెయ్యకుండా నిలబడటం కూడా ఫౌలే. మనం సురక్షితం అనుకుని నేర్పే గార్డ్‌ని రూల్ బుక్కే ఒప్పుకోవట్లేదు.

వసారా అంటే కాళ్లు. ఎడమ చెయ్యి దాటి ఎదుటివాడు అడుగేస్తే నువ్వు వెనక కాలు ముందు జరపాలి, తర్వాత ముందు కాలు. నడుము దగ్గర వెనక్కి వంగడం వేరు, కాళ్లతో వెనక్కి జరగడం వేరు. వంగితే ఒక్కసారే తప్పించుకోగలవు, రెండో గుద్దుకి వంగడానికి ఇంక చోటుండదు. వ్లాదిమిర్ అన్న విటాలీ చేతులు కిందే ఉంచి వెనక్కి వంగేవాడు కదా అని కుర్రాళ్లు అడుగుతారు. నిజమే. 47 పోటీల్లో ఒక్కసారి కూడా కింద పడలేదు ఆయన. కానీ ఆయన వంగినప్పుడు కాళ్లు చూడండి, తల వెనక్కి పోకముందే కాళ్లు దూరం కొలిచేసి ఉంటాయి. ఆ కొలత రానివాడు ఆ వంపు నేర్చుకోకూడదు.

వసారాకి వెనక గోడ వస్తే? అది తాళ్లు. 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో లూయిస్ అలాగే తాళ్ల దాకా వెళ్లిపోయాడు, చేతులు కింద ఉన్నాయి. హసీమ్ రెహ్మాన్ కుడి చెయ్యి ఒకే ఒక్కటి. ఐదో రౌండ్లో అయిపోయింది. వెనక్కి జరగడానికి చోటున్నంతసేపే లూయిస్ చేతులు కింద ఉండొచ్చు. తాళ్లు వీపుకి తగిలిన క్షణం నుంచి ఆ లెక్క చెల్లదు. అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ ఆడి నాలుగో రౌండ్లో రెహ్మాన్‌ని పడుకోబెట్టాడు. నేను మా కుర్రాళ్లకి చెప్పేది ఒకటే: మూడు అడుగులు వెనక్కి వేశావంటే నాలుగోది పక్కకే.

ఇక లోపలి గది, క్లించ్, అంటే ఎదుటివాణ్ణి పట్టేసుకోవడం. దీన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. పిరికివాడి పని అంటారు. నేను ఒప్పుకోను. పెద్ద మనిషికి అది గార్డ్‌లో భాగం. తమ్ముడూ, నేను లోపలికొస్తున్నాను, పట్టుకో. కాదు, నడుము పట్టుకోకు. నా మోచేతులకి కాస్త పైన, నీ చేతులు బయట నుంచి వేసి చంకలోకి లాక్కో. తల నా తల పక్కకి, భుజం మీదకి. నా ఎదురుగా పెడితే నా నుదురు నీ కనుబొమ్మని చీరేస్తుంది. ఇప్పుడు నీ బరువు నా మీద ఉంచు. చూడండి, నాకు ఊపిరి ఎలా బరువెక్కుతోందో. 12 రౌండ్లు 110 కిలోలు మెడ మీద మోసినవాడి కాళ్లు చివరికి ఎలా ఉంటాయో ఊహించుకోండి.

దీనికీ హద్దుంది. 2013 అక్టోబర్‌లో మాస్కోలో రష్యా బాక్సర్ పొవెట్కిన్ మీద వ్లాదిమిర్ ఈ పనే మోతాదు మించి చేశాడు. పొవెట్కిన్‌ని నాలుగుసార్లు పడగొట్టి 119-104తో గెలిచాడు, ఒక పాయింటు కోత కూడా పడింది. గెలిచాడు గానీ ఆ పోటీ చూడటం నాకు కష్టంగా అనిపించింది. పట్టుకోవడం దాడిని ఆపడానికి. ఆటని ఆపడానికి కాదు. అమెచ్యూర్‌లో మీద పడి వేలాడితే రెఫరీ ఊరుకోడు. పట్టు, ఒక ఊపిరి, తొయ్యకుండా వదులు, అడుగు వెనక్కి, వెంటనే జాబ్.

ఎడమచేతివాటం వాళ్ల గురించి చెప్పకపోతే ఈ పాఠం సగమే. కుడి చెయ్యి ముందు పెట్టి నిలబడే వాళ్లని సౌత్‌పా అంటాం. సాండర్స్ సౌత్‌పా. ఉక్రెయిన్ హెవీవెయిట్ ఉసిక్ సౌత్‌పా. టైసన్ ఫ్యూరీ 206 సెంటీమీటర్ల మనిషి, ఉసిక్ 191. 2024 మేలో రియాద్‌లో తొమ్మిదో రౌండ్లో ఫ్యూరీ తాళ్ల మీద తూలుతుంటే రెఫరీ లెక్కపెట్టాల్సి వచ్చింది. అది మొదలైంది ఎడమ చేతితోనే. సౌత్‌పా ఎదురుగా ఉన్నప్పుడు ఇద్దరి ముందు చేతులూ ఒకదానికొకటి ఎదురు పడతాయి. నీ ఎడమ చెయ్యి వాడి కుడి చేతితో కొట్లాడుతూ ఉండిపోతుంది. వాడి అసలు గుద్దు, వెనక ఎడమ చెయ్యి, నీ గార్డ్ నట్టనడుమ దారిలో తిన్నగా వస్తుంది. అందుకే సౌత్‌పా మీద కుడి అరచెయ్యి ఇంకో నాలుగు వేళ్లు మధ్యకి జరగాలి. ముందు కాలు వాడి ముందు కాలికి బయట ఉండాలి. మన సతీశ్ కుమార్, ఒలింపిక్స్‌కి వెళ్లిన తొలి భారత సూపర్ హెవీవెయిట్, టోక్యో క్వార్టర్ ఫైనల్లో మొహం మీద కుట్లతోనే ఉజ్బెకిస్తాన్ బాక్సర్ బఖోదిర్ జలొలొవ్‌తో తలపడ్డాడు. జలొలొవ్ రెండు మీటర్ల పైన ఎత్తు, పైగా సౌత్‌పా. సతీశ్ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. ఆ వీడియో మీ పొడుగు కుర్రాళ్లకి చూపించండి, జలొలొవ్ ముందు చేతిని మాత్రమే చూడమని చెప్పండి.

ఒకే మనిషి రెండు రకాలుగా నిలబడితే ఏమవుతుందో చూడాలంటే ఆంథొనీ జాషువా ఉన్నాడు. 2019 జూన్ 1న న్యూయార్క్‌లో ఆండీ రూయిజ్‌తో ఆడాడు. జాషువా 198 సెంటీమీటర్లు, రూయిజ్ ఓ పది తక్కువ, లావాటి మనిషి, చేతులు మాత్రం మెరుపు. మూడో రౌండ్లో జాషువా ముందు రూయిజ్‌ని పడగొట్టాడు. అక్కడ వెనక్కి జరిగి జాబ్ వెయ్యాల్సింది. ముగించేద్దామని దగ్గరికెళ్లి కొట్లాటకి దిగాడు. రూయిజ్ ఎడమ హుక్ కణత మీద పడింది. ఆ రౌండ్లో రెండుసార్లు, ఏడో రౌండ్లో రెండుసార్లు పడి ఓడిపోయాడు. ఆరు నెలల తర్వాత డిసెంబర్ 7న సౌదీలోని దిరియాలో అదే ఇద్దరూ. ఈసారి జాషువా బరువు తగ్గి వచ్చాడు. జాబ్, అడుగు, పక్కకి, దగ్గరికొస్తే పట్టు. పన్నెండు రౌండ్లూ అదే. 118-110, 118-110, 119-109. బోర్ కొట్టిందన్నారు కొందరు. నాకు కొట్టలేదు. ప్రతి రౌండ్లో రూయిజ్ అడుగు ఎక్కడ ఆగిపోతోందో చూస్తూ కూర్చున్నాను.

ఈ గార్డ్‌కి మందు లేదా అంటే ఉంది. నీ అంత పొడుగువాడు ఎదురుపడటమే. 2015 నవంబర్‌లో డ్యూసెల్‌డార్ఫ్‌లో ఫ్యూరీ వచ్చి నిలబడేసరికి వ్లాదిమిర్ ఎడమ చేతికి తాకడానికి ఏమీ దొరకలేదు. పన్నెండు రౌండ్లు చెయ్యి చాపి, తలూపుతున్న మనిషిని వెతుక్కుంటూ ఓడిపోయాడు. 2017లో వెంబ్లీలో జాషువా అతన్ని పదకొండో రౌండ్లో అప్పర్‌కట్‌తో కదిలించాడు. నలభై ఒకటేళ్ల వయసులో కాళ్లు నెమ్మదించాయి, వసారా చిన్నదైపోయింది.

మరి కాళ్లు నెమ్మదైన భారీ మనిషి ఏం చెయ్యాలి? అలాంటి కుర్రాళ్లు కూడా మన దగ్గరికి వస్తారు. పొడుగు మరీ ఎక్కువ ఉండదు, వెడల్పు ఉంటుంది, 120 కిలోలు. వాళ్లకి అమెరికా హెవీవెయిట్ జార్జ్ ఫోర్‌మన్ దారి ఉంది. రెండోసారి రింగులోకి వచ్చాక ఆయన చేతులు అడ్డంగా కట్టుకునేవాడు, ఒకటి మొహం ముందు, ఒకటి దాని కింద. ఒకప్పుడు ఆర్చీ మూర్ అనే పాత తరం బాక్సర్ వాడిన పద్ధతి అది. మధ్య సందు మూసుకుపోతుంది. గుద్దులు మోచేతుల మీద, ముంజేతుల మీద పడతాయి, కొట్టినవాడి పిడికిలికే నొప్పి. 1991లో నలభై రెండేళ్ల వయసులో హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. 1994 నవంబర్‌లో నలభై అయిదేళ్లకి పదో రౌండ్లో మైకెల్ మూరర్‌ని పడగొట్టి మళ్లీ చాంపియన్ అయ్యాడు. అయితే ఈ కట్టుడు చేతుల్లో చెవుల పక్కన తలుపు తెరిచే ఉంటుంది. హుక్ బాగా వేసేవాడు దొరికితే ప్రమాదం. దీన్ని వచ్చీరాగానే నేర్పకండి. జాబ్ వచ్చాక, మెడ బలపడ్డాక చూద్దాం.

సాధన ఎలా అంటారా. నా దగ్గర ఖరీదైన సామాను ఏమీ లేదు. ఒక చీపురు కర్ర. పొడుగు కుర్రాడు ఎడమ చేత్తో దాని ఒక కొస పట్టుకుంటాడు, రెండో కొస ఎదుటివాడు తన ఛాతీకి ఆనించుకుంటాడు. ఎదుటివాడు ముందుకొస్తే ఇతను వెనక్కి, వాడు పక్కకి తిరిగితే ఇతనూ తిరగాలి. కర్ర కింద పడకూడదు, మోచెయ్యి వెనక్కి మడవకూడదు. మూడు నిమిషాలు. మొదటి రోజు అరనిమిషానికే పడిపోతుంది. నెల తిరిగేసరికి కర్ర తీసేసినా వాడి కాళ్లకి ఆ దూరం గుర్తుండిపోతుంది. రెండోది, నేల మీద సుద్దముక్కతో తాళ్లకి ఒక గజం ఇవతల గీత గీస్తాను. స్పారింగ్‌లో మడమ గీత తాకిందంటే నేను చప్పట్లు కొడతాను, వాడు వెంటనే పక్కకి తిరగాలి. గుద్దు తిన్నాడా లేదా అన్నది ఆ రోజు నేను చూడను, మడమ ఒక్కటే చూస్తాను.

ముక్కులోంచి రక్తం కారిన ఆ వాలీబాల్ కుర్రాడు ఈ కర్రతోనే నేర్చుకున్నాడు. మళ్లీ అదే చిన్నవాడితో స్పారింగ్ పెట్టినప్పుడు, మూడు రౌండ్లలో వాడు లోపలికి రాగలిగింది రెండుసార్లే. రెండుసార్లూ ఇతను పట్టేసుకున్నాడు.

అదిగో, రింగు ఖాళీ అయింది. కర్రలు నాలుగు తెచ్చాను. పొడుగు కుర్రాళ్లు ముందు రండి, గ్లవ్స్ ఇప్పుడే వద్దు, చేతులకి పట్టీ చుట్టుకుంటే చాలు. కోచ్‌లు కూడా దిగండి. కర్ర రెండో కొస మీరే పట్టాలి.